పెద్దయ్యాక చూద్దాం

మా జెడ్డాలో చలికాలం వచ్చేసింది. చలికాలం అంటే స్వెట్టర్లూ రగ్గులూ అనుకునేరు! ఏసీ ఆపి, కిటికీ తీసి పడుకోగలిగితే అదే మాకు చలికాలం. పిల్లల్ని సాయంత్రాలు బయట తిప్పడానికి మాకు దొరికే నాలుగు నెలలూ ఇవే.

అలా ఒక శుక్రవారం మా పాప స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళాం. ఈమధ్య పుట్టినరోజులు ఇంట్లో పులిహోరా గులాబ్‌జామ్‌లతో అయిపోవడం లేదు కదా, వాళ్ళు గో-కార్టింగ్ పెట్టారు. పిల్లలందరికీ హెల్మెట్లు తగిలించి, నేలకి ఆనుకున్నట్టుండే చిన్న చిన్న బండ్లలో కూర్చోబెట్టి, తలా పది నిమిషాలు తిప్పారు. మా పదేళ్ళది మొదటి రెండు చుట్లూ పక్కనున్న టైర్ల గోడకి గుద్దుకుంటూనే తిరిగింది. మూడో చుట్టు నుంచి గుద్దుకోలేదు. దిగి వచ్చేసరికి జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. కేకు వైపు చూడను కూడా చూడలేదు.

"అమ్మా, నాకు ఇది నేర్పిస్తావా?"

"పెద్దయ్యాక చూద్దాంలే."

"ఎంత పెద్దయ్యాక?"

మామూలుగా ఆ మొదటి మాటతోనే పని అయిపోతుందండీ. ఈసారి అవలేదు. "ఏప్రిల్‌లో కార్నిష్ దగ్గర రేసు చూశాం కదా, ఆ అక్కలంతా ఎంత పెద్దయ్యాక మొదలుపెట్టారు?" అని అడిగింది. నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి మొహమాటపడి, కనుక్కుని చెప్తానన్నాను. ఈ నెల మీతో పంచుకుంటున్నది అలా కనుక్కున్నదే.

ముందు ఆ ఏప్రిల్ సంగతి చెప్పాలి. జెడ్డాలో ఎర్ర సముద్రం ఒడ్డున కార్నిష్ సర్క్యూట్ ఉంది. ఒక చుట్టు 6.174 కిలోమీటర్లు, 27 మలుపులు. రెండు పక్కలా గోడలే, తప్పు చేస్తే జారిపోవడానికి చోటుండదు. ఫార్ములా వన్ రేసు ఇక్కడికి మొదటిసారి 2021 డిసెంబరులో వచ్చింది. 2024లోనూ 2025లోనూ దానితోపాటు అమ్మాయిలు మాత్రమే పోటీపడే ఎఫ్1 అకాడమీ రేసులు కూడా జరిగాయి. 2025 ఏప్రిల్‌లో మేం వెళ్ళినప్పుడు ఫరా అల్‌యూసఫ్ అనే సౌదీ అమ్మాయి వైల్డ్ కార్డుగా, అంటే ఆ ఒక్క చోటికి మాత్రం పిలిచిన డ్రైవరుగా, అందులో నడిపింది. మా పాప మొదట నమ్మలేదు. "హెల్మెట్లో ఉన్నది నిజంగా అమ్మాయిలేనా?" అని రెండుసార్లు అడిగింది.

అంతకుముందు ఏడాది, 2024 మార్చిలో, అదే వైల్డ్ కార్డు చోటులో నడిపినావిడ పేరు రీమా జుఫాలీ. సౌదీలో ఆడవాళ్ళ రేసింగ్ గురించి ఎవరు మాట్లాడినా మొదట ఆవిడ పేరే వస్తుంది. మా పాప ప్రశ్నకి జవాబు వెతకడం నేనూ ఆవిడ దగ్గరే మొదలుపెట్టాను.

రీమా 1992లో ఈ జెడ్డాలోనే పుట్టింది. చదువు కోసం అమెరికా వెళ్ళి, బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చదువుకుంది. కారు నడపడానికి లైసెన్సు వచ్చింది కూడా అక్కడే. ఎందుకంటే అప్పటికి సొంత ఊళ్ళో ఆడవాళ్ళు నడపడానికి వీల్లేదు. 2018 జూన్ 24న ఆ నిషేధం పోయింది. అదే సంవత్సరం అక్టోబరులో అబూధాబీ యాస్ మరీనా సర్క్యూట్‌లో ఆవిడ మొదటి రేసు నడిపింది. 2019 ఏప్రిల్లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో బ్రిటిష్ ఫార్ములా 4లో అడుగుపెట్టింది. ఆ నవంబరులో రియాద్ పక్కనున్న దిరియాలో జాగ్వార్ ఎలక్ట్రిక్ కార్ల రేసులో నడిపి, సౌదీ గడ్డమీద అంతర్జాతీయ రేసులో పాల్గొన్న మొదటి సౌదీ మహిళ అయింది. 2021లో బ్రిటన్‌లోనే ఫార్ములా 3 స్థాయి పోటీలకి వెళ్ళింది. 2022లో సొంతంగా థీబా మోటార్‌స్పోర్ట్ అని జట్టు పెట్టుకుంది. థీబా అంటే అరబ్బీలో ఆడతోడేలు.

ఇంతవరకూ చదివితే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నేనూ కొట్టాను. తర్వాత వేళ్ళమీద లెక్క వేశాను.

ఫార్ములా 4 అంటే సింగిల్ సీటర్ రేసింగులో మొదటి మెట్టు. సింగిల్ సీటర్ అంటే టీవీలో చూస్తుంటాం కదా, ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికే కనబడే పొడుగు కారు, అది. పదిహేనేళ్ళు నిండితే ఎఫ్4లో నడపొచ్చు. అందుకే అక్కడ నడిపేవాళ్ళంతా దాదాపు పదిహేను, పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. వాళ్ళ మధ్య రీమాకి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల మధ్య వాళ్ళ టీచరు కూర్చుని పరీక్ష రాసినట్టు ఊహించుకోండి. పైగా ఆ పిల్లలంతా ఏడెనిమిదేళ్ళు కోచింగ్‌కి వెళ్ళివచ్చినవాళ్ళు, టీచరమ్మే ఈమధ్య పుస్తకం తెరిచింది!

ఆ కోచింగే కార్టింగ్. లూయిస్ హామిల్టన్ ఎనిమిదో ఏట కార్టు ఎక్కాడు. వెర్‌స్టాపెన్ ఇంకా చిన్నప్పుడే, నాలుగైదేళ్ళ వయసులో. ఈ రంగంలో పైకి వచ్చినవాళ్ళలో చాలామందిది ఇదే దారి. చిన్నప్పుడు కార్టు, పదిహేను పదహారుకి ఎఫ్4, అక్కణ్ణించి ఎఫ్3, ఎఫ్2, అదృష్టం బాగుంటే ఫార్ములా వన్.

ఇంతకీ ఆ కార్టులో ఏం నేర్చుకుంటారు? దిగినప్పుడు మా పాప చేతులు ఎందుకు వణికాయో అప్పుడు అర్థమైంది. కార్టుకి సస్పెన్షన్ ఉండదు. నేలమీద గులకరాయి ఉన్నా సరే, వెన్నులోకి, మణికట్టులోకి సూటిగా వచ్చేస్తుంది. మన కారులో మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు రెండూ వేరువేరు వేగంతో తిరుగుతాయి. కార్టులో రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. అందుకని మలుపులో లోపలివైపు వెనక చక్రం కాస్త పైకి లేస్తేనే బండి తిరుగుతుంది. అది ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో, ఎక్కడ జారబోతోందో నడిపే పిల్లకి నడుముకే తెలియాలి. పుస్తకంలో ఉండదు. దోసెల పెనం కాలిందో లేదో నీళ్ళ చుక్క చిలకరించి తెలుసుకుంటామే, మనకెవరైనా డిగ్రీలు లెక్కేసి చెప్పారా? వందసార్లు పోస్తే వచ్చింది. ఇదీ అంతే. ఎంతో చిన్నప్పుడు మొదలుపెడితే అంత ఒంటపడుతుంది.

ఎఫ్4 కారు ఎక్కాక లెక్క మారుతుంది. ఎఫ్1 అకాడమీలో వాడేది ఆ స్థాయి కారే, గంటకి 240 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. దానికి రెక్కలుంటాయి, వేగం పెరిగేకొద్దీ గాలి కారుని నేలకి అదిమి పడుతుంది. అంటే భయపడి నెమ్మదిగా వెళ్తే ఆ పట్టు తగ్గిపోతుంది. వేగంగా వెళ్తేనే నిలుస్తుంది! పవర్ స్టీరింగ్ ఉండదు కాబట్టి చేతులకీ భుజాలకీ మెడకీ బలం కావాలి. ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాల్సినవే. కానీ జారేటప్పుడు ఏం చెయ్యాలి, పక్కవాడిని ఎక్కడ దాటాలి అన్నది మాత్రం కార్టులోంచి వచ్చిన పిల్లలు ఆలోచించక్కర్లేదు. రీమా లాంటి వాళ్ళు ఆ రెండింటినీ ఒకేసారి, పోటీ మధ్యలోనే నేర్చుకోవాలి.

ఇక్కడ ఇంకో ఇద్దరి సంగతి చెప్పాలి. పక్కనే యూఏఈలో అమ్నా, హమ్దా అల్ ఖుబైసీ అని అక్కాచెల్లెళ్ళున్నారు. వాళ్ళ నాన్న ఖాలిద్ కూడా రేసర్. అమ్నా పద్నాలుగేళ్ళ వయసులో కార్టు ఎక్కింది, పద్దెనిమిదో ఏట ఇటలీ ఎఫ్4లో నడిపింది. హమ్దా అక్క దారిలోనే వచ్చింది. 2018 డిసెంబరులో దిరియాలో ఫార్ములా ఇ పోటీ జరిగిన మర్నాడు ఆ ఎలక్ట్రిక్ కార్లని పరీక్షించడానికి తొమ్మిది మంది ఆడవాళ్ళకి అవకాశమిచ్చారు. వాళ్ళలో అమ్నా ఒకతె. దిరియాలో ఆడవాళ్ళు మామూలు కారు నడపడానికి అనుమతి వచ్చి అప్పటికి ఆరు నెలలే! 2023లో ఎఫ్1 అకాడమీ మొట్టమొదటి పోటీలు ఆస్ట్రియాలో జరిగితే, అందులో ఒక రేసు అమ్నా గెలిచింది. 2024లో జెడ్డాకి అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు.

ఒకే ఎడారి, ఒకే భాష, పక్కపక్క దేశాలు. అమ్నాకి పద్నాలుగేళ్ళకి దొరికింది రీమాకి ఇరవై ఆరేళ్ళకి దొరికింది. తెలివిలోనో ధైర్యంలోనో తేడా అని నేననుకోను. తేడా ఆ పన్నెండేళ్ళదే.

ఆ దారి కూడా ఊరికే తెరుచుకోలేదండీ. 1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది ఆడవాళ్ళు కార్లు తీసుకుని వీధుల్లోకి వచ్చారు. వాళ్ళని పట్టుకున్నారు. కొందరి ఉద్యోగాలకే ఎసరొచ్చింది. 2011లో మనాల్ అల్ షరీఫ్ ఖోబర్‌లో తను కారు నడుపుతున్న వీడియో పెట్టి జైలుకి వెళ్ళింది. 2017 సెప్టెంబరు 26న రాజుగారి ఉత్తర్వు వచ్చింది, తర్వాత జూన్‌లో అమల్లోకి వచ్చింది. అమల్లోకి వచ్చిన రోజే అసీల్ అల్ హమద్ అనే సౌదీ ఆవిడ ఫ్రాన్స్‌లో, గ్రాండ్ ప్రీ మొదలవడానికి ముందు, రెనో వాళ్ళ ఫార్ములా వన్ కారు నడిపింది. 1990లో రోడ్డెక్కిన వాళ్ళకి ఇరవై ఏడేళ్ళు పెద్దయ్యాక దొరికిన జవాబు అది.

ఇక నా సంగతి. పైవాళ్ళ కథల పక్కన పెట్టేంత గొప్పది కాదు, కానీ చెప్పకుండా వదిలేస్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

నేను కాకినాడలో స్కూటీ మీద కాలేజీకి వెళ్ళినదాన్ని. వెనకాల ఒకళ్ళని ఎక్కించుకుని మెయిన్ రోడ్డు జనంలోంచి, ఆవుల మధ్యలోంచి నడిపినదాన్ని. 2010లో పెళ్ళయి ఇక్కడికొచ్చాక బండి మాట లేదు. పెరుగు ప్యాకెట్టుకి కూడా ఆయన ఆఫీసు నుంచి రావాలి, లేదా ట్యాక్సీ. మొదటి ఏడాది కోపమొచ్చింది. రెండో ఏడాదికి అలవాటైంది. మూడో ఏడాదికి, "హాయిగా కూర్చుంటే తీసుకెళ్తున్నారు, మనకేం లోటు" అని కొత్తగా వచ్చినవాళ్ళకి నేనే చెప్పడం మొదలుపెట్టాను.

2018 జూన్‌లో చట్టం మారిన రాత్రి టీవీలో చూసి ఏడ్చాను కూడా. మర్నాడు ఆయన, "డ్రైవింగ్ స్కూల్లో పేరు ఇద్దామా?" అన్నారు. పాప చిన్నది, అన్నాను. తర్వాత సెలవలయ్యాక అన్నాను. తర్వాత కరోనా. లైసెన్సు తీసుకునేసరికి 2021 చివర. ఆ మూడున్నరేళ్ళూ నన్ను ఆపిన చట్టమేదీ లేదు. ఎనిమిదేళ్ళు వెనక సీట్లో కూర్చుని, నేను వెనక సీట్లో కూర్చునే మనిషిననే నమ్మేశాను, అంతే. ఇప్పటికీ ఐదు వరసల హైవే మీద లైను మారాలంటే చేతులు చల్లబడతాయి. నిషేధం ఎత్తెయ్యడానికి ఒక తారీఖు ఉంది. నాలోది పోవడానికి తారీఖు లేదు.

అందుకే పాప "ఎంత పెద్దయ్యాక?" అంటే ఉలిక్కిపడ్డాను. నాకు ఎనిమిదేళ్ళు పట్టిన అలవాటుని దానికి పదేళ్ళకే నేర్పబోయాను కదా.

ఇంట్లో చర్చ జరిగింది. రాజమండ్రి నుంచి వీడియోలో అత్తయ్యగారు, "ఆడపిల్లే, రేపు మొహానికి దెబ్బ తగిలితే ఏం చేస్తావమ్మా?" అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టను. దెబ్బలు తగులుతాయి. మొహానికి హెల్మెట్, పక్కటెముకలకి కవచం ఉంటాయిగానీ, కార్టులో సీటు బెల్టు కూడా ఉండదు. మావారు ఇంకో మాట అన్నారు. "నేర్పించడం సరే. పోటీల్లోకి దిగితే సొంత బండి, టైర్లు, ఇంజను, మెకానిక్, ఊళ్ళు తిరగడం. అది మన జీతంతో అయ్యే ఆట కాదు. తీరా ఇష్టం పెరిగాక ఆపేస్తే దానికి ఇంకా బాధ కదా?"

ఇదీ నిజమే. ఈ ఆటలో ప్రతిభ ఒక్కటే పైకి తేదు. డబ్బున్న ఇల్లో, రేసర్ తండ్రో, కంపెనీ అండో ఉండాలి. ఆడవాళ్ళకి ఆ అండ దొరకడం ఇంకా కష్టం. ఫార్ములా వన్ రేసులో ఒక స్త్రీ ఆఖరుసారి నడిపింది 1976లో, ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి. యాభై ఏళ్ళు కావస్తోంది! సూజీ వోల్ఫ్ నడిపిస్తున్న ఎఫ్1 అకాడమీ ఈ లోటు పూడ్చడానికే వచ్చింది. 2024లో అప్పటి పది ఫార్ములా వన్ జట్లూ తలా ఒక అమ్మాయికి తమ రంగులూ అండా ఇచ్చాయి.

కానీ ఆయన మాటకి నా దగ్గర ఒక జవాబు ఉంది. అది కూడా ఈ జెడ్డా ట్రాక్ మీదే జరిగింది. 2024లో ఇక్కడ డోరియాన్ పాన్ అనే ఫ్రెంచి అమ్మాయి మొదటి రేసు గెలిచింది. రెండో రేసులోనూ గీత మొదట దాటింది. అయితే రేసు అయిపోయిందని చూపించే గళ్ళ జెండాని గమనించుకోలేదు. ఇంకో చుట్టు అదే వేగంతో నడిపేసింది! 20 సెకన్ల శిక్ష పడింది, గెలుపు బ్రిటన్ అమ్మాయి ఆబీ పుల్లింగ్‌కి వెళ్ళింది. ఆ ఏడాది చాంపియన్ కూడా ఆబీయే. డోరియాన్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు. అంత పెద్ద తప్పు ప్రపంచమంతా చూస్తుండగా చేసినా, ఇంకా ముందు బోలెడు కాలముంది. 2025లో చాంపియన్ ఆ అమ్మాయే.

త్వరగా మొదలుపెడితే దొరికేది ట్రోఫీ ఒక్కటే కాదు, తప్పులు చెయ్యడానికి తీరిక కూడా. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ప్రతి తప్పూ "చూశావా, నే చెప్పలా" అనిపించుకోవడానికే అవుతుంది. డ్రైవింగ్ స్కూల్లో ముప్పై దాటిన నేను రివర్సులో కోనుని గుద్దినప్పుడు నాకు వినబడిందదే. నిజానికి ఎవరూ అనలేదు. మా పాప మొదటి రెండు చుట్లూ టైర్లని గుద్దింది. దానికి ఏమీ వినబడలేదు, మూడో చుట్టుకి వెళ్ళిపోయింది.

రీమాకి ఆలస్యమైంది కాబట్టి ఆవిడ కష్టం వృథా అని చెప్పడం లేదు. ఇరవై ఏడేళ్ళకి పదహారేళ్ళ పిల్లల వెనక వరసలో నిలబడి నేర్చుకోవడానికి ఎంత గుండె కావాలి! 2024లో ముప్పై రెండేళ్ళ వయసులో సొంత ఊళ్ళో ఆ అమ్మాయిల మధ్య నడిపింది. మరుసటి ఏడాది ఆ చోటుకి ఫరా వచ్చింది. మా పాప గ్యాలరీలోంచి చూసింది ఫరానే.

చివరికి మా ఇంట్లో ఏం తేలిందంటే, నెలకి రెండు శుక్రవారాలు, ఎండలు ముదిరేవరకు, కోచ్ దగ్గర. సొంత బండీ లేదు, పోటీలూ లేవు. ఎండాకాలం వచ్చాక ముగ్గురం కూర్చుని మళ్ళీ మాట్లాడుకుంటాం. డబ్బు ఎక్కణ్ణించి అంటారా? దాని పెళ్ళికని నేను నెలనెలా కడుతున్న బంగారం స్కీము ఉంది. అందులో సగం ఇటు మళ్ళించాను. అత్తయ్యగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఆవిడ ఈ పత్రిక చదవరనే ధైర్యంతో మీకు చెప్తున్నాను.

పాపకి జవాబు కూడా చెప్పాను. "కొంతమంది ఇరవై ఆరేళ్ళకి మొదలుపెట్టారు, కొంతమంది పద్నాలుగుకి, కొంతమంది ఎనిమిదికి" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "అయితే నాకు ఇప్పటికే రెండేళ్ళు లేటయిందా?" అంది!

మొదటి క్లాసు వచ్చే శుక్రవారం. అక్కడికి వెళ్ళాలంటే హైవే మీద రెండుసార్లు లైను మారాలి. ఆయన తీసుకెళ్తానన్నారు. వద్దు, నేనే నడుపుతానన్నాను.

మీ ఇళ్ళల్లో "పెద్దయ్యాక చూద్దాం" అని అటకెక్కించినవేమైనా ఉంటే, పిల్లలవైనా సరే, మీవైనా సరే, నాకు రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. లైను మారానో లేదో అప్పుడు చెప్తాను.